‘నేను’ కథలో పక్క మనుషులు: కథ ఆగకుండా వాళ్ళని పెంచే పద్ధతి

ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అని చెబుతూ, కథ రాసేవాళ్ళకి మొదటి పేజీలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ‘నేను’ చూడనిది, విననిది, ఊహించనిది కాగితం మీదికి రాదు. పక్క మనిషిని పాఠకుడికి చూపించాలంటే ‘నేను’ ఆగి అతన్ని చూడాలి. ‘నేను’ ఆగితే కథా ఆగుతుంది. ఈ భయంతో కొందరు పరుగెత్తిస్తారు. కథ చకచకా నడుస్తుంది గానీ అందులో ప్రాణమున్నది ఒక్క కథకుడికే. మిగతావాళ్ళు తలుపు తీసి, టీ ఇచ్చి, కబురు చెప్పి వెళ్ళిపోతారు. మరికొందరు ఎదురైన ప్రతి మనిషి దగ్గరా ఆగి పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెడతారు. నాలుగో పేజీకి వచ్చేసరికి అసలు కథకుడికి ఏం కావాలో పాఠకుడు మర్చిపోతాడు.

రెంటికీ మందు ఒకటే. పక్క పాత్ర కోసం విడిగా చోటు కేటాయించకండి. కథకుడి పని ఎక్కడ ఆ మనిషి చేతిలో చిక్కుకుంటుందో అక్కడే ఆ మనిషి కనబడాలి. పని అవ్వాలంటే ఆ మనిషిని చూడక తప్పని పరిస్థితిలో ‘నేను’ ఉంటే, ఆ చూపు కథని ఆపదు, ముందుకి లాగుతుంది.

ఇది చేతికి రావాలంటే ఒక కథ ఎదురుగా ఉండాలి. విశాఖ ఫిషింగ్ హార్బరులో జరిగే కథ ఒకటి అనుకుని చివరిదాకా దాంతోనే పనిచేద్దాం. కథకుడు సూరిబాబు, 26 ఏళ్ళు. ఇంట్లో ఒక మరబోటు ఉంది. నాన్న మంచాన పడ్డాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల్లో ఇంజను బాగుచేయించి, నిషేధం ముగిసిన అర్ధరాత్రే బోటు దింపాలి. చుట్టూ ఉన్నవాళ్ళు: బోటు డ్రైవరు అప్పన్న, సూరిబాబు అప్ప (అక్క) పోలమ్మ, ఇంజను మెకానిక్, ఐస్ ఫ్యాక్టరీ గుమస్తా, నలుగురు కళాసీలు (బోటు మీద పనివాళ్ళు).

ఎంతమందిని పెంచాలి, ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలి

3,000 మాటల కథలో కథకుడు కాక మనుషులుగా ఎదగగలిగేది ఇద్దరే. మూడో మనిషిని పెంచబోతే ముగ్గురూ సగం సగం మిగులుతారు. మన కథలో ఆ ఇద్దరు అప్పన్న, పోలమ్మ. మిగతావాళ్ళకి ఒక్కొక్క గుర్తు చాలు. మెకానిక్ ఎప్పుడడిగినా ‘రేపు’ అంటాడు. ఐస్ గుమస్తా డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. అంతకు మించి ఇస్తే పాఠకుడు వాళ్ళ కోసం కూడా ఎదురుచూడటం మొదలుపెడతాడు.

గడువు ఉన్న కథకి నడక సగం దానంతటదే వస్తుంది. అయితే 61 రోజులకీ సమానంగా మాటలు పంచకూడదు. ఇలా ఖర్చుపెట్టండి: నిషేధం మొదలైన రోజుకి 400 మాటలు, ఇంజను ఖర్చుకి పోలమ్మ గాజులు తాకట్టు పెట్టే రోజుకి 350, సింహాచలం చందనోత్సవం రోజుకి 450, జూన్ మొదటి వారంలో మెకానిక్ షెడ్డుకి 500, జూన్ 12న పోలమ్మ ఆడపడుచు పెళ్ళికి 500, 14 రాత్రికి 800. మధ్యలో రోజులన్నీ ఒకటి రెండు వాక్యాల్లో దాటిపోవాలి. కిందికి వచ్చేకొద్దీ తేదీలు దగ్గరపడటం, మాటలు పెరగడం గమనించండి. గడువు ముంచుకొస్తున్న కొద్దీ ఒక్కో గంటా బరువెక్కుతుంది, కథకుడికి కూడా మనుషుల మొహాలు అప్పుడే కనబడతాయి.

చందనోత్సవాన్ని ఊరి శోభ కోసం పెట్టలేదు. అది వైశాఖ శుద్ధ తదియ నాడు జరుగుతుంది, అంటే ఈ నిషేధం రోజుల్లోనే వస్తుంది. స్వామి నిజరూపం కనబడేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. స్వామి పేరే పెట్టుకున్న అప్పన్న ఏటా కొండెక్కుతాడు, ఈ ఏడు ఎక్కలేదు. ఒక్క వాక్యంలో అతనిలో ఏదో మారిందని పాఠకుడికి తెలిసిపోయింది. కథ ఎక్కడా ఆగలేదు. మీ కథ గాజువాకలోనో, కంచరపాలెంలోనో జరిగితే అక్కడి పండగో, షిఫ్టు బస్సో, నీళ్ళ టైమో ఇదే పని చెయ్యాలి. అలవాటు తప్పిన మనిషే చదివేవాడి కంట్లో పడతాడు.

రాసే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

పక్క పాత్ర గురించి పది పేజీల జాతకం రాసుకోనక్కర్లేదు. అతనికి ఏం కావాలి? ఎప్పటిలోగా కావాలి? అది కథకుడి పనికి ఎక్కడ తగులుతుంది? ఈ మూడింటికీ జవాబులు ఒక కార్డు మీద పట్టాలి.

అప్పన్న: పెద్ద కూతురి నర్సింగు కాలేజీ ఫీజు. జూన్ 10 లోపు. సూరిబాబు అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకో ఓనరు ఇస్తానంటున్నాడు, కానీ అతని బోటుకి వెళ్ళిపోవాలి.

పోలమ్మ: ఇంజను ఖర్చుకి తమ్ముడికిచ్చిన బంగారు గాజులు విడిపించుకోవాలి. జూన్ 12న ఆడపడుచు పెళ్ళిలోపు. సూరిబాబు దగ్గరున్న డబ్బు ఇంజనుకైనా పోవాలి, గాజులకైనా పోవాలి. రెంటికీ చాలదు.

మూడో ప్రశ్నకి జవాబు దొరకని పాత్ర ఎంత ముచ్చటగా ఉన్నా ఈ కథలో మనిషి కాదు. వాడిని ఇంకో కథకి దాచుకోండి. రెండో ప్రశ్న చాలామంది వదిలేస్తారు, పక్క పాత్రలు నీరసంగా ఉండటానికి ఎక్కువసార్లు కారణం అదే. కోరిక ఉండి తేదీ లేకపోతే ఆ మనిషి నిట్టూరుస్తూ కూర్చుంటాడు. తేదీ ఉంటే ఏదో ఒకటి చేస్తాడు. చేస్తే కథకుడికి అడ్డం పడతాడు.

ఒక సన్నివేశం దగ్గరగా

మెకానిక్ షెడ్డు. మొదటి రాతలో ఎక్కువమంది ఇలా రాస్తారు:

“అప్పన్న మావకి యాభై ఏళ్ళుంటాయి. పన్నెండో ఏటనే వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాన్ని నర్సింగు చదివించాలని కోరిక. ఫీజుకి డబ్బుల్లేక లోలోపల కుమిలిపోతున్నాడు. ఆ రోజు షెడ్డు దగ్గరికి వచ్చాడు.”

ఆరు వాక్యాల్లో కథలో జరిగింది చివరి వాక్యమే. పైగా లోలోపల కుమిలిపోతున్నాడని సూరిబాబుకి ఎలా తెలుసు? అక్కడ మాట్లాడింది రచయిత. ‘నేను’ గొంతు తప్పిపోయింది.

ఇప్పుడు ఇది చూడండి:

“హెడ్డు విప్పి గోనెసంచి మీద పెట్టి ఉంది. మెకానిక్ లేడు.
‘రేపంట,’ అన్నాడు మావ.
‘నిన్న కూడా రేపే అన్నాడు కదా మావా.’
మావ వినలేదు. జేబులో ఫోను మోగుతోంది. ప్లాస్టిక్ కవరులోంచి తియ్యకుండానే నంబరు చూసి షెడ్డు వెనక్కి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బిల్లు కూడుతున్నాను.
‘ఇంకో పదేలు సర్దగలవేటి?’
‘ముందు ఇంజను అవనీ మావా. అప్పుడు సూద్దాం.’
‘పదో తారీకు లోపయితేనే పని.’ గాస్కెట్టు అట్టపెట్టె మీద దుమ్ము తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. ‘పోన్లే.’
ఎందుకు పదో తారీకని అడగాలని తోచలేదు. బిల్లులో ఆయిల్ సీలు రెండుసార్లు వేశాడు మెకానిక్.”

రెండోది మొదటిదానికి రెట్టింపు కన్నా పెద్దది. అయినా వేగంగా చదివిస్తుంది. నిడివి వేరు, నడక వేరు. ఇక్కడ ఇంజను ఆలస్యమైంది, అడ్వాన్సు అడిగాడు, కాదనిపించుకున్నాడు, ఒక తేదీ బయటపడింది. నాలుగూ కథలో పనులే. అప్పన్న గురించి తెలిసినవన్నీ వాటి నీడన వచ్చాయి: ఫోను అందరిముందూ మాట్లాడడు, రెండోసారి అడగడు, కోపాన్ని దుమ్ము మీద తీర్చుకుంటాడు. కూతురి మాట, ఫీజు మాట ఇంకా రాలేదు. వచ్చినప్పుడు పాఠకుడు ఈ ‘పోన్లే’ దగ్గరికి వెనక్కి వెళ్తాడు.

చివరి రెండు వాక్యాలు అన్నిటికన్నా ముఖ్యం. కథకుడి చూపు బిల్లు మీద ఉంది. ముందున్న మనిషి జారిపోతుంటే ఇతను ఆయిల్ సీలు లెక్క చూసుకుంటున్నాడు. ఒకే దెబ్బకి ఇద్దరూ తెలిశారు.

కథకుడు తప్పు చదవాలి

ఉత్తమ పురుషకి ఉన్న గొప్ప బలం ఇదే, దీన్ని వాడుకోని కథలు చూస్తే బాధేస్తుంది. ‘నేను’కి అందరి మనసులూ ముందే అర్థమైపోతే పక్క పాత్ర ఎదగడానికి చోటు మిగలదు. చందనోత్సవం నాడు మావ కొండకి రాకపోతే సూరిబాబు ‘మోకాళ్ళ నొప్పి కాబోలు’ అనుకోవాలి. ఫోను పట్టుకుని వెనక్కి వెళ్తే ఇంట్లో గొడవేమో అనుకోవాలి. ప్రతి తప్పు చదువుకీ కథకుడి వైపు నుంచి కారణం ఉండాలి, లేకపోతే పాఠకుడు వాడిని మొద్దు అనుకుంటాడు. ఇక్కడ కారణం ఉంది: సూరిబాబు తల నిండా ఇంజను.

కొలత కావాలంటే, పెద్ద పక్క పాత్ర ఒక్కొక్కరికీ రెండు తప్పు చదువులు, ఒక దిద్దుబాటు. రెండో తప్పు దగ్గరికి వచ్చేసరికి పాఠకుడికి అనుమానం రావాలి. దిద్దుబాటు కథలో దాదాపు మూడొంతులు అయ్యాకే రావాలి, వచ్చినప్పుడు కథకుడి పనికి నష్టం జరగాలి. జూన్ 12న పెళ్ళిలో పోలమ్మ చేతికి అన్నీ మట్టి గాజులే. సూరిబాబుకి అప్పుడు తెలుస్తుంది, గాజులిచ్చిన సంగతి ఆమె అత్తగారికి చెప్పనే లేదని. ఈ చోటుకి దారి మొదటి నుంచే వెయ్యాలి. తాకట్టు రోజు తర్వాత పోలమ్మ కనబడే ప్రతిసారీ గాజుల చప్పుడు ఒక్క మాటలో వినబడనివ్వండి, వివరించకండి.

తెలుగు వాక్యమే చేసిపెట్టే పనులు

తెలుగులో ‘వెళ్ళాను’ అంటే చాలు, ఎవరు వెళ్ళారో క్రియే చెబుతుంది. ప్రతి వాక్యం ముందూ ‘నేను’ పెడితే నడక కుంటుతుంది, కథకుడే తెరంతా నిండిపోతాడు. పేజీలో ‘నేను’లు లెక్కపెట్టండి. నొక్కి చెప్పాల్సిన చోటా, ఇంకొకరితో పోల్చే చోటా ఉంచి మిగతావి కొట్టేయండి. అలా ఖాళీ అయిన కర్త స్థానాల్లో పక్క మనుషులు కనబడటం మొదలవుతుంది.

అసమాపక క్రియల (‘మాట్లాడి’, ‘తీర్చి’ లాంటి పూర్తికాని క్రియల) గొలుసు వేగానికి. “ఐసు మాట్లాడి, డీజిలు బాకీ తీర్చి, వల కుట్టేవాళ్ళకి డబ్బిచ్చి వచ్చేసరికి చీకటి పడింది” అంటే ఒక రోజు ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆ వెంటనే పొట్టి సమాపక క్రియ పెడితే బ్రేకు పడుతుంది: “మావ రాలేదు.” గొలుసు తర్వాత వచ్చిన ఆ రెండు మాటల మీద పాఠకుడి కన్ను ఆగుతుంది. పక్క పాత్ర మలుపులు ఇలాంటి చోట పెట్టండి.

‘ట’, ‘అంట’ అన్నవి ఉత్తమ పురుషకి వరం. కథకుడు చూడనిది ఇంకొకరి నోటి మీదుగా ఒక్క అక్షరంతో వచ్చేస్తుంది, కొంచెం అనుమానం కూడా వెంట తెచ్చుకుంటుంది. “మావ నిన్న రాత్రి పక్క జెట్టీలో కొత్త బోటు ఎక్కి చూశాడట.” దీని కోసం చాటుగా వినే సన్నివేశం రాయక్కర్లేదు. తలుపు వెనక నిలబడి వినడం ఒక కథలో ఒక్కసారి ఒప్పుతుంది, రెండోసారి పాఠకుడు నమ్మడు.

పిలుపు సంగతి కూడా ఇంతే. కథంతా ‘మావా, నువ్వు’ అన్న సూరిబాబు జూన్ 14 రాత్రి “మీ ఇష్టం అప్పన్న గారూ” అంటే చాలు. వాళ్ళ మధ్య ఏం తెగిందో పేరా రాయనక్కర్లేదు. పోలమ్మ ఎప్పుడూ ‘ఒరే సూరిగా’ అనేది పెళ్ళింట్లో అందరి ముందూ ‘సూరిబాబూ’ అంటే అదీ అంతే. ఇలాంటి మార్పు ఒక్కో పాత్రకి ఒక్కటే ఉండాలి. తరచుగా మారిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక చదివేవాడు తికమకపడతాడు.

యాస విషయంలో ఒక మాట. కథనం మొత్తం ఉత్తరాంధ్ర యాసలో నడపాలంటే నడపవచ్చు, అది గట్టి నిర్ణయం. కానీ యాస తెలియని పాఠకుడు నెమ్మదిగా చదువుతాడు, ఆ లెక్కన సన్నివేశాలు ఇంకా పొట్టిగా ఉండాలి. కథనం వాడుక భాషలో పెట్టి మాటలు మాత్రం యాసలో రాసేటట్టయితే రెండు మూడు గుర్తులు ఎంచుకుని వాటికే కట్టుబడండి: ‘ఏటి’, ‘ఎల్తన్నాను’, ‘సెప్పు, సూడు’. ప్రతి మాటనీ విరిస్తే మనిషి పోయి యాస ఒక్కటే మిగులుతుంది.

గతం ఎక్కడ చెప్పాలి

పాఠకుడికి ప్రశ్న పుట్టాకే చెప్పాలి, పుట్టకముందు కాదు. కథకుడి చేతులు ఖాళీగా ఉండి, పని మాత్రం తేలని చోటు వెతకండి: డీజిలు బంకు దగ్గర వరస, ఆసుపత్రిలో చీటీ కోసం కూర్చోవడం, మెకానిక్ కోసం చూడటం. ఎదురుచూపులో ఉన్నప్పుడు గతం రెండు మూడు వాక్యాలు వచ్చినా బిగువు సడలదు. గొడవ మధ్యలో పెడితే సడలుతుంది.

పక్క పాత్ర చేత “ఆ రోజు ఏం జరిగిందంటే...” అని పేజీ పొడుగునా చెప్పించడం ఇంకో గుంట. అక్కడ కథకుడు మారిపోయాడు, అసలు ‘నేను’ శ్రోత అయ్యాడు. చెప్పించక తప్పకపోతే మధ్యలో పని పెట్టండి. వల కుడుతూ చెప్పనివ్వండి, మధ్యలో దారం తెగనివ్వండి, సూరిబాబు టైము చూసుకోనివ్వండి. ఆరేడు వరసలకి మించకుండా ఆపేసి, మిగతాది చెప్పకుండానే లేచిపోనివ్వండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఈ ఊళ్ళో అప్పన్న, అప్పారావు, అప్పలరాజు, అప్పలనాయుడు ఒకే వీధిలో ఉంటారు, అది నిజం. ఒకే కథలో పెడితే మాత్రం పాఠకుడు వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వస్తుంది. మన కథలోనూ అక్కని ‘అప్ప’ అంటున్నాం కాబట్టి అప్పన్న పేరు రెండు మూడుసార్లే వచ్చి, మిగతా అంతా ‘మావ’ కావాలి. ఒకే పేజీలో ఇద్దరికి మించి కొత్త పేర్లు తేకండి.

రంగు పెన్సిళ్ళతో దిద్దుకోవడం

రాయడం అయ్యాక వారం పక్కన పెట్టి, ప్రింటు తీసుకుని కూర్చోండి. కథకుడి పని కదిలిన ప్రతి వరస కిందా నీలం గీత. పక్క మనిషి గురించి కొత్తది తెలిసిన ప్రతి వరస కిందా ఎర్ర గీత. రెండూ పడిన వరసలు మీ కథకి వెన్నెముక. వరసగా అయిదు వరసలు ఎర్రగానే ఉంటే కథ అక్కడ నిలబడిపోయింది. వాటిని కొట్టేయకముందు ఆ సమాచారాన్ని పక్కనున్న నీలం వరసలోకి ఎక్కించగలరేమో చూడండి, చాలాసార్లు ఒక వస్తువు ద్వారా కుదురుతుంది. పేజీ మొత్తం నీలమే ఉంటే మనుషులు మాయమయ్యారు. అక్కడ కొత్త సన్నివేశం రాయకండి, ఉన్న పనినే ఒంటరిగా కాకుండా ఇంకొకరి చేత చేయించండి.

తర్వాత అప్పన్న మాటలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసుకుని వరసగా గట్టిగా చదవండి. మొదటి మాటకీ చివరి మాటకీ తేడా వినబడాలి. అవే మాటలు మెకానిక్ నోట్లో పెట్టి చూడండి. అతికితే అవి అప్పన్నవి కావు.

నవలయితే కార్డులు పెరుగుతాయి గానీ పద్ధతి ఇదే. పెంచదగ్గ పాత్రలు నలుగురైదుగురికి మించకపోతే మేలు. ఒక పాత్ర మూడు అధ్యాయాలు కనబడకపోతే కనీసం ‘ట’తోనో, ఫోనుతోనో, వాళ్ళు వదిలిన వస్తువుతోనో ఒకసారి తలపుకి తేవాలి. ఇద్దరి మలుపులు ఒకే అధ్యాయంలో పడితే ఒకదాన్ని జరపండి, లేకపోతే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది.

ఇక ముగింపు. ఇద్దరికీ లెక్కలు తేల్చాలని చూడకండి. పోలమ్మ సంగతి జూన్ 12నే తేలిపోయింది కాబట్టి 14 రాత్రి ఆమె జెట్టీ దగ్గర ఉండాల్సిన అవసరం లేదు. అప్పన్న ఉండాలి. కొత్త డ్రైవరుతో సూరిబాబు బోటు కదులుతుంది. పక్క బోటుకి కట్టుతాడు అడ్డం పడుతుంది. అవతలి వైపు నుంచి ఒక చెయ్యి దాన్ని విప్పి, వదిలేయకుండా చుట్టచుట్టి ఇటు విసురుతుంది. ఆ మనిషి జేబులో ప్లాస్టిక్ కవరులో ఫోను వెలుగుతుంటుంది. తాడు సూరిబాబు అందుకున్నాడని రాసి కలం ఎత్తేయండి. ఆ కింద మావ గురించి అతను ఏమనుకున్నాడో చెప్పే పేరా ఒకటి ఇప్పటికే మీ రాతలో ఉండి ఉంటుంది, దాన్ని కొట్టేయండి.